సంతకం పెట్టి విన్న సాహిత్యం

దగ్గరగా జరిగి కూర్చోండి. చిక్కుడుకాయలు ఒలుస్తున్నా, పిల్లకి జడ వేస్తున్నా ఫర్వాలేదు. చేతుల పని చేతులు చేసుకుంటాయి, చెవులు నాకిస్తే చాలు. ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మనుషుల్ని లేపేది కోడీ కాదు, సూర్యుడూ కాదు, నేను. లోకో షెడ్డులో కాల్‌మేన్‌ని. ఏ బండికి ఏ డ్రైవరు ఎక్కాలో రాసిన పుస్తకం చంకన పెట్టుకుని, సైకిలు మీద క్వార్టర్ క్వార్టర్‌కీ వెళ్లి, తలుపు కొట్టి, గంట చెప్పి, సంతకం పెట్టించుకోవడం నా ఉద్యోగం. మూడో తరగతి దాటనివాడికి ఆ పని ఎలా ఇచ్చారంటే, ఏ క్వార్టర్‌లో ఎవరుంటారో, ఎవరి మంచం ఏ కిటికీ పక్కన ఉంటుందో నాకు కంఠతా వచ్చు. (ఎవరింట్లో అల్లుడు అలిగి పడుకున్నాడో కూడా వచ్చు, కానీ అది ఉద్యోగంలో భాగం కాదు.) ఇక సంతకం అంటారా, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మావాళ్లకి అది ప్రమాణంతో సమానం. నిద్రలో ఉన్నవాడి ముందు పుస్తకం పెడితే కళ్లు తెరవకుండానే చెయ్యి బయటికొచ్చి గీత గీసేది. గీత పడ్డాక మనిషి డ్యూటీ ఎక్కినట్టే. షెడ్డువాళ్లు అదే పుస్తకంలో దిగిన గంట వేసేదాకా ఆయన రైల్వేవాడే గాని ఇంటివాడు కాడు. కూతురి పెళ్లిలో పీటల మీంచి లేచి గూడ్సు బండెక్కిన తండ్రిని నేను ఎరుగుదును.

అలాంటి రోజుల్లో మా ఊళ్లో కొత్తగా కాలేజీ పెట్టారు. మా మేనత్త కొడుకు అందులో చదివేవాడు. మజ్జిగ అడిగినా పద్యంలో అడిగేవాడు గనక పద్యాల బావ అనేవాళ్లం. ఆ బావా, ఇంకో నలుగురు తెలుగు విద్యార్థులూ కలిసి కాలేజీలో తెలుగు సాహిత్య సభ పెట్టాలనుకున్నారు. వాల్తేరు నుంచీ నాగపూర్ నుంచీ విద్యార్థి కవులు వస్తామని ఉత్తరాలు రాశారు. ప్రిన్సిపాల్ గారు ఉత్తరాది మనిషి, మంచివాడే, కానీ ఒక మెలిక పెట్టాడు. హాలు నిండాలి, సభ ముగిసేదాకా నిండే ఉండాలి, అప్పుడు కాలేజీలో తెలుగుకంటూ ఒక గది ఇస్తాను, లేదా మళ్లీ నా గడప తొక్కకండి అన్నాడు. బావకి ఆ గది మీద ప్రాణం. అప్పటిదాకా వాళ్ల తెలుగు పుస్తకాలు గోనెసంచిలో, సంచి మా అత్త మంచం కింద ఉండేవి. ఎలకలు మాత్రమే శ్రద్ధగా చదివేవి.

అచ్చు వేసిన ఆహ్వానాలు కాలనీలో పంచారు. ఒక్కరూ కదల్లేదు. రేయింబవళ్లు బండ్లు నడిపేవాళ్లకి రెస్టు దొరికితే పద్యాలు వింటారా, పడుకుంటారా? బావ నా దగ్గరికొచ్చి తల పట్టుకుని కూర్చున్నాడు. "ఒరే, అయిదుగురే వస్తే గది పోయినట్టే. మా అమ్మ ఆ సంచి పొయ్యిలో ఎట్టేస్తానంటంది" అన్నాడు. అతని మొహం చూసి నాలో మహా మేధావి నిద్ర లేచాడు. షెడ్డు పుస్తకం ముట్టుకుంటే ఉద్యోగం పోతుంది గనక, అదే కొలతలో ఇంకో పుస్తకం కుట్టించి, దానికున్నట్టే ఎర్ర అట్ట వేసి, అవే గళ్లు గీశాను. సభ రోజు రెస్టులో ఉండే డ్రైవర్లూ ఫైర్‌మన్లూ ఎవరెవరో నాకు నోటికి వచ్చు కదా, అందరి తలుపులూ కొట్టాను. పొద్దున ఎనిమిది గంటలకి కాలేజీ హాల్లో తెలుగు సభ అని స్పష్టంగానే చెప్పాను, అబద్ధం ఆడలేదు. కానీ ఎర్ర అట్ట కనబడ్డాక మాట వినేదెవరు? గంట ఒక్కటే విన్నారు, గీత గీశారు.

ఎనిమిదికి అయిదు నిమిషాలు ఉందనగా వచ్చారు. నీలం కోట్లు, టిన్ను పెట్టెలు, చేతి దీపాలు, అన్నం కేరియర్లు. ఒకాయన పచ్చ జెండా కూడా తెచ్చాడు. గుమ్మంలో వరసగా నిలబడి ఎక్కిన గంట వేయమంటే నేనే వేశాను. హాలు కిక్కిరిసింది. ప్రిన్సిపాల్ గారు "అచ్ఛా, అచ్ఛా" అంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మొదటి కవి లేచి చదవడం మొదలెట్టాడు. ఎవరూ దగ్గలేదు, ఆవలించలేదు. సిగ్నల్ వైపు చూసినట్టు అతని మొహం వైపే చూస్తున్నారు. ఆ చూపుకి పాపం రెండుసార్లు పద్యం మరిచిపోయాడు.

పన్నెండింటికి అధ్యక్షుడు సభ ముగిసిందన్నాడు. ఎవరూ లేవలేదు. కేరియర్లు విప్పి అన్నాలు తిని, చేతులు కడుక్కుని, మళ్లీ వచ్చి కూర్చున్నారు. మా అందరికీ పెద్దదిక్కయిన ముసలి డ్రైవరు (ఇంజన్ పెదనాన్న అనేవాళ్లం) నన్ను సైగతో పిలిచాడు.

"మమ్మల్ని దింపీవోడు ఎవుడ్రా?"

"సభ అయిపోయింది పెదనాన్నా, ఎల్లిపోవచ్చు."

"నువ్వు సెప్తే సరిపోద్దేటి? దిగిన గంట షెడ్డోళ్లు ఎయ్యాల."

ఏం చెప్పను? నిజం చెబితే తంతారు, చెప్పకపోతే కదలరు. ప్రిన్సిపాల్ గారు ఇదంతా సాహిత్యం మీద మమకారం అనుకుని కళ్లు తుడుచుకుని, మధ్యాహ్నం కూడా జరపమన్నాడు. కవుల దగ్గర సరుకు మూడింటికల్లా అయిపోయింది. చదివినవే చదివారు. చివరికి వాల్తేరు కుర్రాడు ఒకడు గత్యంతరం లేక అప్పటికప్పుడు ఒక కథ పద్యాల్లో అల్లడం మొదలెట్టాడు. నాగావళికి వరదొచ్చింది, ఈ గట్టున ఒక పిల్ల, అవతలి గట్టున జ్వరంతో తల్లి. పిల్ల నీళ్లలో కాలు పెట్టింది. సరిగ్గా అప్పుడు షెడ్డు ఫోర్‌మన్ దొర గుమ్మంలోకి వచ్చాడు.

బొగ్గు గూడ్సు ఒకటి డ్రైవరు లేక నిలబడిపోయిందట. ఏ తలుపు కొట్టినా డ్యూటీకి వెళ్లారనే జవాబట. (రెస్టులో ఉన్నవాళ్లందర్నీ నేనే లాక్కొస్తే తరవాతి బండికి ఎవరుంటారన్న ముక్క ఆ మహా మేధావికి తట్టలేదు.) దొర పెదనాన్నని లెమ్మన్నాడు. పెదనాన్న లేవకుండానే, "పొద్దున ఎనిమిదికి ఎక్కినాం దొరా, ఇంకా దిగనేదు. ఇప్పుడు రెస్టు ఇవ్వాల. రెస్టు నేకండా ఇంకో బండి ఎక్కించడం రూల్లో నేదు" అన్నాడు. పక్కవాడు హిందీలో చెప్పగా విని దొర అయోమయంగా పుస్తకం అడిగితే నేను తెచ్చిచ్చాను. గళ్లు సరిగ్గా ఉన్నాయి, గంటలు సరిగ్గా ఉన్నాయి, సంతకాలన్నీ అసలైనవి. ఆయన రూళ్ల మనిషి. చాలాసేపు తప్పు దొరకలేదు. ఆఖర్న షెడ్డు ముద్ర లేదని కనిపెట్టి, పుస్తకాన్ని నిలువునా చింపి, ఇది డ్యూటీ కాదు, అంతా ఉత్తిది, ఇళ్లకి పొండి అని హిందీలో కేకేశాడు.

హాలంతా నా వైపు తిరిగింది. బావ కళ్లు మూసుకున్నాడు. ప్రిన్సిపాల్ గారి మొహంలో మమకారం ఆరిపోయింది. కట్టేసిన ముడి విప్పినట్టు కొందరు అప్పుడే పెట్టెలు ఎత్తుకున్నారు. గది పోయింది, పుస్తకాలు పొయ్యిలోకి వెళ్లాయి అనుకున్నాను.

పెదనాన్న మాత్రం దొరకి అరచెయ్యి చూపించాడు. "సిటికెడు సేపు ఉండండి దొరా. ఆ పిల్ల ఏరు దాటిందో నేదో సెప్పీమనండి."

పెట్టెలు మళ్లీ కిందికి దిగాయి. అవును, పిల్ల సంగతేమిటి అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు. కుర్రాడికి చెమట్లు పట్టాయి, వాడి దగ్గర ముగింపు లేదు. గొంతులో విషాదం తెచ్చుకుంటుంటే పెదనాన్న పసిగట్టి, "ముంచీసినావంటే మాత్రం బాగోదు నాయినా" అన్నాడు. ఈత రాదు, పడవ లేదు, ఎలా? ఎగువన రైలు బ్రిడ్జి ఉందిగా అని ఒక ఫైర్‌మన్ గుర్తుచేశాడు. కుర్రాడు బ్రిడ్జి మీదికి గూడ్సు బండిని తెచ్చాడు, డ్రైవరు పిల్లని చూసి ఆపాడు, గార్డు ఉండే బ్రేకు పెట్టెలో కూర్చోబెట్టి దాటించాడు. ఛందస్సు ఎక్కడ దిగిపోయిందో దేవుడికి తెలియాలి. తల్లి కళ్లు తెరిచాకగాని ఒక్కరూ కదల్లేదు. దొర కూడా గుమ్మానికి ఆనుకుని, లడకీ చేరిందా అని పక్కవాణ్ణి అడిగి కనుక్కున్నాకే పెదనాన్నని బొగ్గు బండికి తీసుకెళ్లాడు.

ప్రిన్సిపాల్ గారు బావ భుజం తట్టి, వెళ్లిపొమ్మన్నాక కూడా కూర్చున్నారు, అది చాలు అన్నాడు. గది ఇచ్చాడు. సైకిళ్లు పెట్టుకునే గది, ఒకటే కిటికీ, అయినా గదే. నన్ను దొర నెల రోజులు బూడిద గుంటలో ఇంజన్ల బూడిద లాగమన్నాడు. లాగాను.

ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నాలోని ఆ ఇరవై రెండేళ్లవాడి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది, అంతలోనే తల నిమరాలనీ అనిపిస్తుంది. మనుషుల్ని కట్టి తెస్తేనే కూర్చుంటారని అనుకున్నాడు వెర్రివాడు. ఇంతసేపూ ఇంత ఓపిగ్గా విన్నారు, మిమ్మల్ని ఎవరు కట్టేశారు చెప్పండి? మీ ఇల్లు చల్లగా ఉండాలి. పనికి వెళ్లినవాళ్లు వేళకి తిరిగి రావాలి. అన్నం వేడి చల్లారకముందే మీవాళ్లందరూ కంచాల ముందు చేరాలి.