వదినె పేరేమిటి?

మాల్ తలుపు ముందు ఉన్నవాళ్ళం: అక్క, బావ, నాలుగేళ్ళ మేనకోడలు, నేను, బావకు చిన్నాన్న కొడుకైన తమ్ముడు. అక్క భుజాన నీళ్ళ సీసా, బిస్కెట్లు ఉన్న సంచి. నా మెడలో కంపెనీ ఐడీ కార్డు. మాకెదురుగా ఒక గార్డు, అతని వెనక నల్లకోటు సూపర్‌వైజరు. గార్డు చేతిలో తమ్ముడి పతాకా. లేబర్ కార్డును అక్కడ అందరూ అలాగే అంటారు.

అది 2006 వేసవి, దుబాయ్‌లో ఒక శుక్రవారం సాయంత్రం. తమ్ముడు బిల్డింగుల్లో ఇనుపరాడ్లు కట్టే పని చేసేవాడు, సోనాపూర్ లేబర్ క్యాంపులో ఉండేవాడు. సెలవురోజు మా ఫ్లాట్‌కు వచ్చి భోంచేసి వెళ్ళేవాడు. ఆ రోజు మా ఏసీ ఆగిపోయింది. మాల్‌లో ఉన్న పెద్ద చేపల తొట్టి తన కాకాకు, అంటే తమ్ముడికి, చూపించాలని మేనకోడలు పట్టుబట్టింది. బావ వద్దన్నాడు. శుక్రవారాలు ఫ్యామిలీలకే అన్న బోర్డు ఆ తలుపు పక్కనే ఉండేది.

“మనం ఫ్యామిలీ గాదా?” అంది అక్క.

క్యాంపు నుంచి చుట్టాలు వచ్చినప్పుడు మాకు తెలిసిన తెలుగు ఇళ్ళన్నీ ఏం చేసేవో అక్క కూడా అదే చేసింది. నా ఇస్త్రీ చొక్కా తమ్ముడికి తొడిగించింది. అతన్ని మా మధ్యలో నడవమంది. పిల్ల చేతికి అతని వేలు ఇచ్చింది. ఎండకు కమిలిన మెడను, పగిలిన గోళ్ళను మాత్రం ఎవరూ మార్చలేకపోయారు.

మా ముందే నిక్కర్లు వేసుకున్న ముగ్గురు తెల్ల కుర్రాళ్ళు లోపలికి వెళ్ళారు. వాళ్ళ వెంట ఏ ఫ్యామిలీ లేదు. గార్డు వాళ్ళకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. తర్వాత మా మధ్యలో చెయ్యి పెట్టి తమ్ముణ్ణి ఆపాడు. గార్డు రంగు కూడా మా రంగే, మాట్లాడింది హిందీ.

“పతాకా దిఖావ్.”

తమ్ముడు వెంటనే తీసి ఇచ్చేశాడు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు ఎవరడిగినా అతను అలాగే ఇచ్చేవాడు. గార్డు దాన్ని సూపర్‌వైజరుకు చూపించాడు. సూపర్‌వైజరు నన్నూ బావనూ చూసి, “మీరు ఓకే, ఇతను కాదు. ఇలాంటివాళ్ళు మా కస్టమర్లకు ఇబ్బంది” అని ఇంగ్లీషులో అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు.

“మేరా దేవర్ హై,” అంది అక్క. నా మరిది అని. అది అబద్ధం కూడా కాదు.

సూపర్‌వైజరు నవ్వాడు. ప్రతి శుక్రవారం ఎవరో ఒకావిడ ఇలా చెబుతూనే ఉంటుందన్నాడు. తర్వాత గార్డుకు ఏదో చెప్పాడు. గార్డు తమ్ముడి వైపు తిరిగాడు.

“భాభీ హై నా తేరీ? నామ్ బోల్ ఇస్‌కా.” నీ వదినె కదా, ఈమె పేరు చెప్పు అని.

తమ్ముడు అక్క వైపు చూశాడు. నన్ను చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు. అతనికి నిజంగానే తెలియదని నాకప్పుడు అర్థమైంది. రెండేళ్ళుగా ఆమె చేతి అన్నం తింటున్నాడు, ఆమెకు జ్వరమొస్తే మందులు తెచ్చాడు. వదినెను ఎవరు పేరు పెట్టి పిలుస్తారు? బావ “ఇగో” అంటాడు, నేను అక్కా అంటాను, పిల్ల మమ్మీ అంటుంది. అతని చెవిన ఆ పేరు ఎప్పుడూ పడలేదు.

“వదినె,” అన్నాడు చివరికి.

“క్యా?”

“వదినె సార్, వదినె.”

గార్డు కార్డును జేబులో పెట్టుకుని వైర్‌లెస్ తీశాడు. అందులో అతను పోలీసు అనడం నాకు వినబడింది. కార్డు లేకుండా సోనాపూర్ బస్సెక్కితే, దారిలో సీఐడీ ఆపితే, కంపెనీ నుంచి పారిపోయినవాడని లోపల వేస్తారు. అక్కడి నుంచి నేరుగా విమానం. అతని క్యాంపులో ఇద్దరికి అలాగే జరిగింది. తర్వాత మా నలుగురి వీసాల మాట కూడా గుర్తొచ్చింది.

“పోదాం పా,” బావ అక్క చెవి దగ్గర అన్నాడు. “వాని కంపెనీవోళ్ళు చూస్కుంటరు. పిల్ల ఉన్నది మనకు.”

“వదినె, మీరు పోండ్రి. నాకేం గాదు,” అన్నాడు తమ్ముడు. నా చొక్కా అతని వీపుకు తడిసి అతుక్కుపోయింది.

అక్క సంచి కింద పెట్టి, తలుపుకు అడ్డంగా నేలమీద కూర్చుంది. పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. ఆమె గాజులు చప్పుడు చేస్తున్నాయి.

“పతాకా దేదో. తబ్ జాతీ.” కార్డు ఇస్తేనే పోతానని.

తలుపు తెరుచుకోవడం, మూసుకోవడం, మళ్ళీ తెరుచుకోవడం. లోపలి చల్లగాలి మా మీదికి వస్తోంది. వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. పిల్ల ఏడుపు అందుకుంది. సూపర్‌వైజరు మొహం చిట్లించి చుట్టూ చూశాడు. పోలీసు వచ్చేదాకా ఈ దృశ్యం తన తలుపు ముందు ఉండటం అతనికి నచ్చినట్టు లేదు. గార్డుకు వేలు ఆడించాడు. గార్డు కార్డు తీసి నా అరచేతిలో పడేశాడు.

“ఖలాస్. జావ్. ఫిర్ ఆయా తో పోలీస్.” అయిపోయింది పొండి, మళ్ళీ వస్తే పోలీసులే అని.

కారు నడుపుతూ వెనక అద్దంలో పోలీసు బండి కోసం బావ చూస్తూనే ఉన్నాడు. ముందు నోరు విప్పింది పిల్ల.

“కాకా, నీకు మమ్మీ పేరు తెల్వదా? నాకు తెల్సు! నువ్వు మొద్దువి!”

ఎవరం నవ్వలేదు. తమ్ముడు మాత్రం, “అవ్ బిడ్డా, మొద్దునే,” అన్నాడు.

ఇంటికి వచ్చాక, వంట మొదలుపెట్టకముందే అక్క అతన్ని కుర్చీలో కూర్చోబెట్టింది. తన పేరు, తన తండ్రి పేరు, పిల్ల పుట్టిన ఊరు, మా ఫ్లాట్ నంబరు చెప్పి తిరిగి అప్పజెప్పమంది. మిగతావన్నీ చెప్పాడు. పేరు దగ్గర ఆగిపోయాడు.

“తప్పు గదా వదినె.”

“తప్పు లేదు, ఏం లేదు. చెప్పు. రేపు రోడ్డు మీద ఎవడన్న అడిగితే నేను ఉంటనా?”

తమ్ముడు నేల చూస్తూ చెప్పాడు. అక్క గట్టిగా చెప్పమంది. చెప్పాడు. అక్క పేరు తమ్ముడి నోట విని బావ లేచి వంటింట్లోకి వెళ్ళి, దాహం లేకపోయినా నీళ్ళు తాగాడు.

ఆ వారంలోనే పక్క ఫ్లాట్ ఆవిడ అక్క దగ్గర విషయం విని, జెబెల్ అలీ క్యాంపు నుంచి వచ్చే తన ఆడబిడ్డ కొడుకును అలాగే కూర్చోబెట్టింది. ఆమె నుంచి పై అంతస్తుకు పాకింది. చలికాలం వచ్చేసరికి మా భవనంలో చుట్టాలకు ఈ పాఠం చెప్పిన తెలుగు ఇళ్ళు నాలుగు.