పెనుకొండలో పది దినాలు

ధర్మవరంలో ఆ మగ్గాల వీధికంతా లక్ష్మీదేవమ్మ చేతులంటే గౌరవం. పాత పడుగు అయిపోయి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు వేల పోగులను ఒక్కొక్కటిగా పాత కొసలకు మెలిపెట్టి అతకాలి. విభూతి అద్దుకున్న వేళ్లతో ఆమె ఆ పని చేస్తుంటే పక్కవాళ్లు తమ పని వదిలేసి చూసేవాళ్లు. ఎవరింట్లో పట్టు చిక్కుపడినా ఆమె దగ్గరికే తెచ్చేవాళ్లు. ఆమె విప్పలేని ముడి ఆ వీధిలో లేదు. అలాంటి చేతులు కాబట్టే, ఒక్క చెయ్యి కడితే లాభం లేకపోయింది. రెండూ కలిపి కట్టాల్సి వచ్చింది.

కట్టింది పరాయివాళ్లు కాదు, కోడలు మునెమ్మే.

ఆమెను తిట్టిపోసే ముందు కాస్త వెనక్కి వెళ్లాలి. మునెమ్మ పుట్టింది ముదిగుబ్బ పక్కన, గొర్రెలు కాసుకునే ఇంట్లో. పదిహేడేళ్లకు జయరాముణ్ణి పెళ్లాడి ఈ ఇంటికి వచ్చేనాటికి ఆమెకు పడుగేదో పేకేదో తెలియదు. అత్త పక్కన కూర్చోబెట్టుకుని ఎనిమిది నెలలు పని నేర్పింది. "ఏమ్మే, పోగు పట్టుకోమంటే గొర్రె చెవి పట్టుకున్నట్ల పట్టుకుంటివే!" అని వీధంతా వినపడేలా నవ్వేది. అంత నవ్విన మనిషే, కోడలు నేసిన మొదటి చీరను తన భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి చూపించుకొచ్చింది. ఒకసారి బిగిస్తే జారిపోని చిన్న ముడి ఒకటి ఉంటుంది నేతగాళ్లకు. దాన్ని మునెమ్మ వేళ్లకు నేర్పింది కూడా ఆమే.

1999లో ఒకరోజు లక్ష్మీదేవమ్మ పొద్దున్నించి సాయంత్రం దాకా కూర్చుని ఎర్ర పడుగంతా తీసుకెళ్లి ఆకుపచ్చ అంచు కొసలకు అతికింది. ఒక్క పోగూ తెగలేదు, ఒక్క మెలీ వదులు కాలేదు. అంతా తప్పు. జయరాముడు వచ్చి చూసి, ఆ అతుకులను వేలితో తడిమి, తల్లి వైపు తిరిగాడు. ఆమె తన పనిని తానే చూసుకుని, ఎవరో చేసినట్టు, "ఎంత బాగా అతికినారో" అంది. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

తర్వాత పేర్లు పోయాయి. కొడుకు పేరు పోయింది, కొడుకు మొహం పోయింది. "ఎవురప్పా నువ్వు, ఎవురి మగ్గం నేస్తాండావు?" అని అడిగేది. జయరాముడు పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చేవాడు. అనంతపురం డాక్టరు ఇది తగ్గే మతిమరుపు కాదన్నాడు. మునెమ్మ ఒక్కదాన్ని మాత్రం ఆమె మరిచిపోలేదు. పేరు రాకపోయినా, మునెమ్మ గడప దాటి వస్తే ఆ మొహం వెలిగేది. మునెమ్మకు అదొక గర్వం. కన్నకొడుక్కి దక్కనిది తనకు దక్కిందని నలుగురి దగ్గరా చెప్పుకునేది కూడా.

2001 వేసవిలో, మిట్టమధ్యాహ్నం, మగ్గం మీద ఉన్న మునెమ్మకు ఇల్లు మరీ నిశ్శబ్దంగా తోచింది. కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోంచి లేచి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. రెండు గంటల తర్వాత రైల్వే గేటు కాడ పనిచేసే ఆదెప్ప అత్తను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. పెనుకొండ వైపు పోయే పట్టాల నడుమ కూర్చుని, కంకర రాళ్లను ఒక్కొక్కటిగా ఏరి వరసగా పేరుస్తోందట.

"బండికి సిగ్నల్ ఇచ్చేసినారమ్మా. ఇంగ ఐదు నిమిషాలు నేను చూడకుంటే..." అన్నాడు ఆదెప్ప. నీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

మర్నాడు మునెమ్మ తన పాత నూలుచీర కొంగు చింపింది. మెత్తటిదే చూసి చింపింది. మొదట ఒక చెయ్యి మంచం కోడుకు కట్టింది. పది నిమిషాల్లో రెండో చేత్తో ముడి విప్పుకుని వాకిట్లో నిలబడింది అత్త. దాంతో రెండు చేతులూ కలిపి కోడుకు కట్టి, తనకు ఆమె నేర్పిన ముడే వేసింది. "కాసేపేత్తా. ఈ జానెడు నేసి ఇప్పేస్తా" అంది. మొదట్లో లక్ష్మీదేవమ్మ చేతులు వెనక్కి లాక్కునేది. కొన్నాళ్లకు లాక్కోవడం మానేసింది. రోజూ పొద్దున నాలుగు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు. రోజూ ఆ మాటే. వీధిలో ఎవరూ తప్పు పట్టలేదు. రైలు కింద పడడం కంటే ఇది మేలు కదా అన్నారు. మునెమ్మ కూడా అదే అనుకుంది. మణికట్ల మీద నల్లటి చారలు పడితే కొబ్బరినూనె రాసింది.

2003 ఏప్రిల్‌లో మునెమ్మకే జబ్బు ముంచుకొచ్చింది. గర్భసంచి తీసెయ్యాలి, పది రోజులు మంచం దిగకూడదు అన్నారు. కూతురు హరిత తనకల్లులో పచ్చి బాలింత. ముసలామెను పది రోజులు ఎవరు చూస్తారు?

"యాడన్నా పెట్టాల్సిందే. పెట్టినంక ఆడే ఉండనిద్దాం మునెమ్మా. నీకు ఇంగ శాత కాదు" అన్నాడు జయరాముడు.

పక్కింటి హనుమంతమ్మ అప్పుడే ఉప్పు కోసమని వచ్చి కూర్చుంది. "పది దినాలు కండ్లకు కనపడకుంటే నిన్నూ మర్చిపోతాది సూడు. పోయినంక నువ్వెవురో ఆమెవురో" అంది.

ఆ మాట మునెమ్మకు కడుపులో నొప్పికంటే ఎక్కువ నొప్పి పెట్టింది. మొగుడి వైపు తిరిగి, "పదకొండో దినం ఇద్దరం పోదాం. నన్ను గుర్తుపడితే ఇంటికి తెచ్చుకోవాల. గుర్తుపట్టకుంటే నీ ఇష్టం" అంది. జయరాముడు సరేనన్నాడు.

మొదట హిందూపురంలో ఒక వృద్ధాశ్రమం చూడ్డానికి వెళ్లారు. పట్టుగూళ్ల మార్కెట్ వెనక సందులో, ఇనుప గ్రిల్లుకు తాళం వేసిన మేడ. "బన్ని, బన్ని" అని కన్నడంలో లోపలికి రమ్మంటూ మేనేజరు ఎదురొచ్చి, లోపలికి రాగానే మళ్లీ తాళం వేశాడు. ఫినాయిల్ వాసన కింద ఇంకో వాసన దాగి ఉంది. అంతమంది ఉన్న చోట దగ్గు కూడా వినపడలేదు. చివరి గదిలో మంచాలకు రెండు వైపులా ఇనుప కొక్కేలున్నాయి. వాటికి గుడ్డ పట్టీలు వేలాడుతున్నాయి. ఒక మంచం మీది ముసలాయన మునెమ్మను చూసి, చాలా మర్యాదగా, "ఇప్పు తల్లీ, ఒంటికి పోవాల" అన్నాడు.

"వాళ్ల మంచికేనమ్మా. పడిపోకుండా" అన్నాడు మేనేజరు.

మునెమ్మకు ఒళ్లు మండిపోయింది. "మనుషులనుకున్నారా, పశువులనుకున్నారా? మీకు అమ్మా నాయనా లేరా?" అని వీధి దాకా వినపడేలా దులిపేసింది. బస్సులో ధర్మవరం దాకా తిడుతూనే వచ్చింది. ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, అత్తకు అన్నం పెట్టి, మధ్యాహ్నం మగ్గం ఎక్కే ముందు ఆమె చేతులు కట్టింది. ముడి బిగిస్తుంటే వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. అది వేరు, ఇది వేరు అనుకుంది. పోగు వేసింది.

తర్వాత చూసింది పెనుకొండలో, కోట కొండ కనిపించేలా ఉన్న ఒక పెంకుటిల్లు. ఏసురత్నమ్మ అనే రిటైరైన నర్సు ఎనిమిది మంది ముసలివాళ్లను పెట్టుకుని చూస్తోంది. మునెమ్మ ముందుగా మంచాలన్నీ చూసింది. వంగి కోళ్లు తడిమింది. కొక్కేలు లేవు, పట్టీలు లేవు. గేటుకు మాత్రం గడియ ఉంది, దాని పక్కన కుర్చీ వేసుకుని ఒకామె కూర్చుని ఉంది.

ఏసురత్నమ్మ నోటుబుక్కు తెరిచింది. "కూడు యాళకు తింటాదా? ఎవురిని పిలుస్తా ఉంటాది? దేనికి బెదురుకుంటాది?" ఒక్కొక్కటే అడిగి రాసుకుంది. ఆఖరున, తల ఎత్తకుండానే, "ఇంట్లో ఎప్పుడన్నా కట్టినారా తల్లీ?" అంది.

"లేదు" అంది మునెమ్మ.

జయరాముడు కొండ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఏసురత్నమ్మ రాసుకుంది. పెన్ను గీకిన చప్పుడు మునెమ్మకు వినపడింది.

లక్ష్మీదేవమ్మను దిగబెట్టే రోజున మునెమ్మ ముందు ఆ ఊళ్లోనే ఉన్న బాబయ్య దర్గాకు తీసుకెళ్లింది. ఫకీరు నెమలీకల కట్టతో తల నిమిరి చేతికి నల్లదారం కట్టబోతే, "రెండు చేతులకూ కట్టు సామీ. బాగా ఎడల్పుగా చుట్టు" అంది. చారలు కనపడకుండా పోయాయి. దేవుడి దగ్గర కూడా దాపరికమే. ఆ పని చేస్తున్నప్పుడు తనకు సిగ్గేసిందని తర్వాత ఆమే ఒప్పుకుంది.

ఆసుపత్రిలో మూడు రోజులు, ఇంట్లో ఏడు రోజులు. కుట్ల నొప్పిలో ఆమెకు ఒకటే ధ్యాస. ఆ దారాలు స్నానానికి తీసేసి ఉంటారా? అడిగితే అత్త ఏమైనా చెప్పేస్తుందా? చెప్పడానికి మాటలెక్కడున్నాయి ఆమెకు! అన్నిటికంటే పెద్ద భయం, నన్ను మరిచిపోయి ఉంటుందా? మగ్గం ఊరికే పడి ఉంది. మంచం కోడుకు ఆ గుడ్డపేలిక ఇంకా వేలాడుతోంది. పడుకున్న చోటు నుంచి తల ఎటు తిప్పినా అదే కనిపించేది. తీసెయ్యమని మొగుడికి చెప్పాలనుకుని, చెప్పలేక, గోడ వైపు తిరిగి పడుకునేది.

పదకొండో రోజు పొద్దున, కడుపు పట్టుకుని మెల్లగా అడుగులేస్తూ ఆ పెంకుటింటి గేటు దాటింది. వరండాలో ముసలివాళ్లు వరసగా కూర్చుని చెనక్కాయలు ఒలుస్తున్నారు. లక్ష్మీదేవమ్మ ఒడి నిండా పొట్టు. వేళ్లు చకచకా ఆడుతున్నాయి. ఒళ్లు కాస్త తేరుకుంది. మణికట్ల మీద దారాలు లేవు. చారలు పూర్తిగా మాయలేదు గానీ లేతబడ్డాయి.

జయరాముడు ముందుకెళ్లి, "అమ్మా" అన్నాడు. ఆమె తలెత్తి, దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూసి, మళ్లీ కాయల్లో పడింది. అతను పక్కకు తప్పుకున్నాడు.

మునెమ్మ ఎదురుగా వచ్చి నిలబడింది. "అత్తా" అంది.

లక్ష్మీదేవమ్మ చూసింది. చాలాసేపు చూసింది. చేతిలోని కాయ గిన్నెలో పెట్టింది. ఒడిలో పొట్టు దులుపుకుంది. పనికి కూర్చోబోయే మనిషిలా చీర కొంగు సర్దుకుంది. తర్వాత రెండు మణికట్లూ ఒకదాని పక్కన ఒకటి చేర్చి, మునెమ్మ ముందుకు చాచింది.

మిగతా ముసలివాళ్లు కాయలు ఒలవడం ఆపారు.

"గుర్తుపట్టె!" అన్నాడు జయరాముడు. గొంతులో సంతోషం మొదలై అక్కడే ఆగిపోయింది. తల్లి చేతుల వంక చూసి, తర్వాత నేల వంక చూశాడు. "అన్నట్లే చేద్దాం మునెమ్మా. నిన్ను గుర్తుపట్టింది కదా. ఇంటికి తీస్కపోదాం" అన్నాడు, మెల్లగా.

ఏసురత్నమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహంలో కోపం లేదు. కోపం ఉంటే మునెమ్మ తట్టుకునేదేమో. "ఈడ పది దినాల్లో ఎవురి ముందరా అట్ల చేతులు పెట్టలేదు తల్లీ" అంది.

మునెమ్మ అక్కడే నేల మీద చతికిలపడింది. కుట్లు పీకినా పట్టించుకోలేదు. ఇరవై రెండేళ్లలో ఆ చేతులు తనకు ఎన్ని నేర్పాయో, తన మొదటి చీరను భుజాన వేసుకుని ఆమె ఎన్ని గడపలు తిరిగిందో అన్నీ కళ్ల ముందుకొచ్చాయి. వాటిలో ఏదీ అత్తకు మిగల్లేదు. తన మొహం చూడగానే మిగిలింది ఇదొక్కటే. ఏడుపు తన్నుకొచ్చింది, వెక్కివెక్కి ఏడ్చింది.

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "ఆ పుస్తకంలో ఒకటి తప్పు రాయించినాను సిస్టరమ్మా. దిద్దుకోండి. కట్టినాను. రెండేండ్లు కట్టినాను, నేనే" అంది. మొగుడి వైపు చూడకుండానే, "ఆమెను ఇంటికి తేవద్దు. ఈడే ఉండనీ" అంది.

ఏసురత్నమ్మ పుస్తకం కోసం లోపలికి వెళ్లింది.

లక్ష్మీదేవమ్మ చేతులు ఇంకా అలాగే చాచి ఉన్నాయి. ఎంతకీ ముడి పడకపోయేసరికి ఆమెకు అర్థం కాలేదు. కోడలి మొహంలోకి వంగి చూసింది. నెలల తరబడి మాట సరిగ్గా రాని ఆ నోటి నుంచి, మెల్లగా, కోడలు రోజూ చెప్పిన మాటే వచ్చింది.

"కాసేపేనా?" అంది.

మునెమ్మ ఆ రెండు చేతులనూ పట్టుకుని ఒకదానికొకటి దూరంగా తీసి, తిరిగి ఒడిలో పెట్టింది. రెండేళ్లు రోజుకు రెండుసార్లు తేలిగ్గా చెప్పిన మాట ఆ పొద్దు ఆమె నోట రాలేదు.