నీలం కట్ట, ఆకుపచ్చ కట్ట

కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. ఇది గట్టిగా చెప్పే మాట కాదు, నా గొంతు మీ వరకు వస్తే చాలు. మా అత్తమ్మ బుట్టలకు రంగులు ఎలా ఎంచేదో చెబుతాను. ఆ రంగుల దగ్గర నేను చేసిన తప్పు కూడా చెబుతాను.

మేముండేది నాచారంలో, ఫ్యాక్టరీల వెనక గల్లీలో. మా ఆయనకు మందుల కంపెనీలో పని. జనగామ దిక్కు నుంచి మేము వచ్చినప్పుడు అత్తమ్మ కూడా మాతోనే వచ్చింది. ఆమె ప్లాస్టిక్ వైరుతో బుట్టలు అల్లేది. టిఫిన్ గిన్నె, నీళ్ల సీసా పట్టేంత బుట్ట. మా ఆయన కంపెనీలో సగం మంది చేతిలో ఆమె అల్లినదే ఉండేది.

కంపెనీలో అందరూ బుట్టలను క్యాంటీన్‌లో ఒకే ఇనుప అర మీద పెడతారు. పేర్లు రాసుకునేవాళ్లు లేరు, రంగు చూసి ఎవరిది వాళ్లు తీసుకుంటారు. అందుకని ఏ రెండు బుట్టలూ ఒక్కలా ఉండకూడదు. ఎవరికి ఏ రంగులు ఇచ్చిందో అత్తమ్మకు నోటికి వచ్చు. బాయిలర్ దగ్గర ఉండేవాడికి పండుమిరప ఎరుపు, తెలుపు. గేటు దగ్గర ఉండే పెద్దాయనకు పసుపు, నలుపు, ఎందుకంటే ఆయనకు చూపు కొంచెం మందం, ఆ రెండూ పక్కపక్కన ఉంటే దూరం నుంచే కనబడతాయట.

కొత్తగా ఎవరైనా బుట్ట అడిగితే, ఉప్పల్ నుంచి తెచ్చిన వైరు కట్టలు ఒడిలో వేసుకుని, రెండేసి చొప్పున పక్కపక్కన పెట్టి చూసేది. మూడు రంగులు దాటనిచ్చేది కాదు.

"నాలుగోది పెడితే దూరంకెల్లి ఏది కనబడది. బువ్వకొచ్చేటోడు ఆకలి మీదుంటడు, వానికి సోయుండది" అనేది. ఇంకోసారి అంది, "సూడు బిడ్డా, ఎరుపు, ఆకుపచ్చ అత్తాకోడండ్ల లెక్క. ఒకదాన్ని ఒకటి బతకనియ్యవు. నడుమ ఒక వరుస తెలుపు అల్లాలె, అప్పుడు సప్పుడు జేయకుంట ఉంటయి."

"మన ఇద్దరి నడుమ తెలుపు ఎవరత్తమ్మా?"

"నా కొడుకు. అందుకే గంత మాసిపోయిండు."

దసరా దాటాక ఒక శనివారం సాయంత్రం, ప్యాకింగ్‌లో పనిచేసే ఒకతను డ్యూటీ నుంచి నేరుగా మా గడప దగ్గరికి వచ్చాడు. చేతిలో రెండు బుట్టలు, ఒకటి తనది, ఒకటి తన దోస్తుది. రెండూ అత్తమ్మ ఆ నెలలోనే అల్లింది.

"అవ్వా, శనివారం ఒక్క పొద్దు నాకు. నా నోట్ల కోడిగుడ్డు పడేస్తివి" అన్నాడు.

"నేనేం జేసిన్రా?"

"నాది, వానిది ఒక్క తీరు అల్లినవ్. వాని బుట్ట నాదే అనుకొని విప్పిన. సగం తిన్నంక యాదికొచ్చింది."

"గుడ్డు కనబడంగనే రాలే? సగం తిన్నంకనే వచ్చిందా?"

అతను తల గోక్కున్నాడు. "పులుసు జర మంచిగుండె అవ్వా."

అందరం నవ్వాం. తర్వాత అత్తమ్మ బుట్టలను చూపించి, "నీది నీలం, వానిది ఆకుపచ్చ. తేడా తెల్వదా?" అంది. అతను నా మొహం చూశాడు. నేను బుట్టలు చూశాను. రెండూ ఆకుపచ్చే.

అప్పుడే నోరు విప్పవలసింది. కానీ నలుగురికి రంగులు చెప్పే మనిషిని గడపలో ఎలా చిన్నబుచ్చను అనుకున్నాను. "తప్పు నాదే. నీలం కట్ట అడిగితే ఆకుపచ్చది ఇచ్చిన" అన్నాను. అది అబద్ధం, కట్ట ఆమె తీసుకున్నదే. అత్తమ్మ ఒక బుట్టను వాకిలి వైపు తిప్పి చాలాసేపు చూసింది. "పొద్దు వాలింది, ఎల్తురు సక్కగ లేదు" అని, "సూసుకొని ఇయ్యాలె గదా" అని నన్ను తిట్టింది. ఆ తిట్టు నాకు హాయిగా అనిపించింది.

ఆ రోజు నుంచి కట్టలన్నీ నా చేతి మీదుగానే ఇచ్చాను. ఆమె నీలం అంటే నీలం, ఆకుపచ్చ అంటే ఆకుపచ్చ. ఎప్పుడైనా తనే తప్పు కట్ట తీసుకుని అల్లితే, మధ్యాహ్నం ఆమె నడుం వాల్చినప్పుడు ఆ వరుసలు విప్పి, సరైన వైరుతో మళ్లీ అల్లి పెట్టేదాన్ని. మా ఆయనకు కూడా చెప్పలేదు. బుట్ట మారిందని మళ్లీ ఎవరూ రాలేదు. మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను.

ఉగాది పోయాక ఒకరోజు అత్తమ్మ గ్లాసులో పోయబోయి నీళ్లు పక్కన పోసింది. మా ఆయన అది చూశాడు. మరుసటి రోజే హబ్సిగూడ వైపు ఉన్న కళ్ల దవాఖానాకు తీసుకుపోయాం. డాక్టరమ్మ కంట్లోకి లైటు వేసి చూసి, షుగర్ వల్ల కంటి వెనక పొర దెబ్బతిన్నదని చెప్పింది. ఎడమ కన్ను చాలావరకు పోయింది, కుడి కంటి చూపునైనా నిలపాలి అంది.

"రంగుల్లో తేడా ఎప్పటినుంచి తెలియడం లేదు పెద్దమ్మా?"

"రంగులకేం గాలె డాక్టరమ్మా. మొన్నగూడ బుట్ట అల్లిన. ఏ రంగు ఆ రంగే వస్తున్నది."

డాక్టరమ్మ అదే రాసుకోబోయింది. "కాదమ్మా, దసరా నుంచి తెలుస్తలేదు. నీలం, ఆకుపచ్చ ఒక్కటే అనుకుంటున్నది. నేనే సరిజేస్తున్న" అన్నాను. డాక్టరమ్మ రాయడం ఆపి నన్ను చూసింది. అప్పుడే తీసుకువస్తే ఎడమ కంటికి కూడా ఏదైనా చేయగలిగేవాళ్లమంది. కోపంగా అనలేదు. మా ఆయన గోడ వైపు తిరిగాడు.

ఆటోలో అత్తమ్మ నా పక్కనే కూర్చుంది. మా గల్లీ మలుపులో మెల్లగా అంది.

"కండ్లు కనబడతలేవా ముసలిదానా అని ఒక్కసారన్న తిట్టకపోతివి. తిడితే దవాఖానకు పోయేదాన్ని. ఆ దినం ఎల్తురు తక్కువనుకుంటి. తర్వాత బుట్టలన్ని మంచిగొస్తుంటే, నా కండ్లు మంచిగనే ఉన్నయనుకుంటి."

ఆటో ఆగాక ఆమె చెయ్యి పట్టుకుని దింపాను.

కుడి కంటికి సూదులు వేశారు. మిగిలిన చూపు నిలిచింది. కొన్ని నెలలకు అత్తమ్మ మళ్లీ వైరు పట్టింది. మొదటి రోజు ఒక కట్ట నా ముందు పెట్టి, "ఇదేం రంగు?" అంది. ఆకుపచ్చ అన్నాను. ఆ కట్ట పట్టుకుని గడప దాకా పోయి, నీళ్ల క్యాను దించుతున్న మనిషిని కూడా అడిగింది. అతను కూడా ఆకుపచ్చ అన్నాకే వచ్చి కూర్చుని ముడి వేసింది.

ఈ రోజుకూ అంతే. ముందు నన్ను అడుగుతుంది, తర్వాత పక్కింటామెనో, కూరగాయల బండి అతన్నో అడుగుతుంది. నేను అడ్డం రాను. ఎన్నేళ్లు అడిగినా అడగనీ.

విన్నారు కదా, ఇక లేవండి. మీ ఇంటి పెద్దలకు కనబడనిది కనబడలేదని చెప్పుకునే చోటు మీ ఒడిలో ఉండాలి. వాళ్ల ముందు "కాదు" అనే నోరు మీకు ఉండాలి, ఆ నోట్లో ఎప్పుడూ ప్రేమ ఉండాలి. మీ గడప లోపల అందరి చూపూ చల్లగా ఉండుగాక.