అడగని మాట

తెల్లాపూర్‌లో మా అబ్బాయి ఫ్లాట్‌కి ఎదురుగా మరో అపార్ట్‌మెంటు లేస్తోంది. పొద్దున ఎనిమిది కాగానే క్రేను గొలుసు కరకరమంటుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, చేతిలో పేపరు పక్కన పడేసి బాల్కనీలోకి వెళ్లి బరువు కింద ఎవరైనా ఉన్నారేమోనని చూస్తాను. "మీకెందుకండీ ఈ కాపలా?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఎందుకో చెప్పాలంటే ముందు దేవదానం గారి గురించి చెప్పాలి.

డెబ్బైల మొదట్లో తెనాలి పక్క పల్లె నుంచి పటాన్‌చెరు దగ్గర ఒక కార్ఖానాకి వచ్చాను. మెయింటెనెన్స్ విభాగంలో, ప్రొబేషన్ మీద. దేవదానం గారు మా ఫోర్‌మన్. సంగారెడ్డి మనిషి, నల్లగా, పొట్టిగా, చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. మొదటి రోజే "ఏందయ్యా, నువ్వేనా కొత్తగొచ్చింది?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. చదువుకున్నవాణ్ణి పట్టుకుని నువ్వంటాడా అని వారం రోజులు ముభావంగా ఉన్నాను. తీరా చూస్తే ఆయన వాళ్ల నాన్ననీ, చర్చిలో పాస్టరు గారినీ కూడా నువ్వనే అంటారు. అక్కడ అది ఆప్యాయత. నాకేం తెలుసు?

ఆయనకి ఒకే ఒక్క పిచ్చి. ఆదివారం ప్రార్థన కాగానే అదే తెల్లచొక్కాతో బస్సెక్కి సికింద్రాబాదు మ్యాట్నీకి పోయేవారు. అది కూడా రాకెట్లో వేరే గ్రహానికి పోయేవాళ్లు, యంత్రంలో కూర్చుని వెయ్యేళ్లు ముందుకో వెనక్కో పడేవాళ్లు ఉండే ఇంగ్లీషు బొమ్మలే. ఆయనకి ఇంగ్లీషు రాదు. నాకు వచ్చు కదా అని వెంట తీసుకుపోయేవారు. నేను చెవిలో అనువాదం మొదలుపెడితే మాత్రం ఊరుకోమనేవారు. కొత్త నేల మీద దిగిన మనిషి మొదటి పది నిమిషాలు ఏం చేస్తాడో అదే ఆయనకి కావలసింది. ముందుగా చచ్చేది ఎవరో కనిపెట్టడం ఆయన సరదా.

ఒకసారి తెర మీద ఒకడు ఛాతీ విరుచుకుని నీలం గడ్డిలోకి నడుస్తుంటే, "సూడు, గీడు పోతడు. అంత ఎరికే అన్నట్టు నడుస్తుండు," అన్నారు. పావుగంటలో వాడు పోయాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. "మన ఊర్ల ఒక్క తీరు ఉన్నదని ఈడ గూడ గదే తీరు ఉంటదనుకోవద్దు. అడగాలె," అన్నారు. కార్ఖానాలోనూ అంతే. చెయ్యి పెట్టే ముందు కరెంటు తీశారా, బ్రేకు చూశారా అని ప్రతివాణ్ణీ అడిగేవారు. అందరం వెనకాల వెక్కిరించేవాళ్లం. నేనైతే ఆయన గొంతు అనుకరించి మెస్సులో అందర్నీ నవ్వించేవాణ్ణి.

ఆ ఎండాకాలంలో ఓ ఉదయం పెద్ద క్రేను బ్రేకు పరీక్ష చేశాను. అరిగిపోయింది. కొత్తది మర్నాడు వస్తుంది. అప్పటిదాకా క్రేను వాడకుండా ఎర్రగుడ్డ కట్టాలి. టీ తాగి వచ్చి కడదాంలే అనుకున్నాను. పైన క్యాబిన్‌లో రాంలాల్ ఉన్నాడు, బీహారు నుంచి వచ్చిన డ్రైవరు. రెండు రోజులు సెలవు పెట్టి అప్పుడే డ్యూటీకి దిగాడు. మెషీన్ల రొదలో కిందికి వంగి, "బ్రేక్?" అని అరిచాడు. నాకు కొత్తగా నాలుగు హిందీ ముక్కలు వచ్చాయన్న గర్వం. "కల్!" అని అరిచి వెళ్లిపోయాను. నేనన్నది రేపని. వాళ్ల భాషలో రేపటికీ నిన్నటికీ అదే మాట. పక్కన క్రియ ఉంటేనే ఏదో తెలుస్తుంది. నాకు క్రియలు ఇంకా రాలేదు.

టీ గ్లాసు పట్టుకుని తిరిగొచ్చేసరికి రెండు టన్నుల పోత ఇనుము గాలిలో ఉంది. దాన్ని చెక్కదిమ్మల మీద కూర్చోబెట్టడానికి దేవదానం గారు దిమ్మ సర్దుతున్నారు. బరువు ఆగాల్సిన చోట ఆగలేదు. జానెడు జారింది. మళ్లీ ఆగింది. నేను అరిచాను, నా గొంతు నాకే వినబడలేదు. రెండోసారి మూరెడు జారింది. ఆయన పక్కనున్న ఫిట్టర్ని భుజంతో నెట్టేశారు. చెయ్యి మాత్రం తీసుకోలేకపోయారు. రెండు వేళ్లు పోయాయి.

మర్నాడే విచారణ. రాంలాల్ చేతులు కట్టుకుని, ఈ బాబు గారు బ్రేకు నిన్ననే బాగైపోయిందని చెప్పారన్నాడు. మేనేజరు నా వైపు తిరిగారు. "బ్రేకు బాగైందని నేను చెప్పలేదండి," అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. రాంలాల్‌ని సాయంత్రం అయిదింటికి లెక్క తేల్చి పంపించేస్తామన్నారు.

మధ్యాహ్నం సంగారెడ్డి ఆసుపత్రికి వెళ్లాను. కట్టు కట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని పడుకున్నారు. విచారణ సంగతి ఎవరో అప్పటికే ఆయన చెవిన వేసినట్టున్నారు. వెళ్లగానే ఆయన అడిగింది ఒక్కటే.

"నువ్వు అన్న మాట ఏంది? ఉన్నదున్నట్టు చెప్పు."

"కల్ అన్నాను సార్."

రేపు ఆఫీసులో చెప్పేస్తానన్నాను.

"రేపు గాదు. పిలగాడు అయిదింటికి పోతుండు. ఇప్పుడే పో."

బస్సు రాలేదు. లారీ ఆపి ఎక్కాను. దారి పొడుగునా ఉద్యోగం పోతే నాన్నకి ఏం రాయాలో అన్నదే ఆలోచన, సిగ్గులేకుండా. గేటు దగ్గర రాంలాల్ ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నాడు. అతని చెయ్యి పట్టుకుని మేనేజరు గదిలోకి తీసుకెళ్లి, గుడ్డ కట్టనిది నేను, సగం మాట చెప్పింది నేను అన్నాను. వాళ్లు రాంలాల్‌ని ఉంచుకున్నారు. నాకు ప్రొబేషన్ ఏడాది పొడిగించారు. పోయిందనుకున్న ఉద్యోగం నిలిచింది కాబట్టి నిజంగా సంతోషపడ్డాను కూడా.

ఆ సంతోషంతోనే మళ్లీ ఆసుపత్రికి పోయి అంతా చెప్పాను. ఆయన తల ఊపారు. నేను ఏడుస్తూ, నా వల్లే మీకిలా అయింది, తిట్టండి సార్ అన్నాను.

"నా తప్పు గూడ ఉన్నది," అన్నారు. "ఎన్నడు గూడ అడగకుండ బరువు కాడ చెయ్యి పెట్టలే. నిన్న అడగలే. బ్రేకు చూసింది నువ్వు గదా, ఇగ అడుగుడెందుకు అనుకున్న."

తిట్టి ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి. తర్వాత నేనూ ఫోర్‌మన్ అయ్యాను, ఎందరో కుర్రాళ్లు నా కింద పనిచేశారు. "మీరు చూశారు కదా సార్, ఇంక అడగడమెందుకు" అని వాళ్లెవరైనా అంటే అక్కడికక్కడే పని ఆపించి, నన్ను అడగమనేవాణ్ణి. అడిగాకే చెయ్యి పెట్టనిచ్చేవాణ్ణి.