చూసినవాళ్ల పేరు

నిన్న పొద్దున పాల ప్యాకెట్ కోసం లైన్‌లో ఉండగా హాస్పిటల్ నుంచి ఫోన్ వచ్చింది.

"నరహరి మీకేమవుతారు?" అని హిందీలో అడిగారు. చిన్నాయన అన్నాను. ఆ తర్వాత వాళ్లు చెప్పింది ఒక్క ముక్క.

లైన్ అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. మొన్న సాయంత్రం ఆక్సిజన్ మాస్క్ పక్కకి జరిపి మరీ ఫోన్‌లో నన్ను తిట్టిన మనిషి. తన పుస్తకం ప్రూఫ్‌లు ఇంకా చూడలేదని.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. మా నాన్న తమ్ముడు నరహరి సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చి, లింబాయత్‌లో పవర్‌లూమ్‌లు నడిపాడు. షిఫ్ట్ అయ్యాక విమానాల గురించి ఇంగ్లిష్ మ్యాగజైన్‌లకు రాసేవాడు. కొన్నాళ్లకి ఒక పబ్లిషర్ పిలిచి రిఫరెన్స్ బుక్ ఎడిటింగ్ అప్పజెప్పాడు.

దేశంలో ఎగిరిన ప్రతి విమానం అందులో ఉండాలి. ఎప్పుడొచ్చింది, ఎవరు కొన్నారు, చివరికి ఏమైంది.

విమానానికో కార్డు. చీరల డబ్బాల అట్ట కత్తిరించి చేసేవాడు. బీరువా నిండా విమానాలే, చిన్నమ్మ చీరలు సంచిలో.

ఒకసారి ఇద్దరం ఫ్లైట్ ఎక్కాం. తలుపు అంచున చిన్న ప్లేట్ మీద విమానం నంబర్ ఉంటుందట. అక్కడే ఆగిపోయి, కళ్లజోడు తుడుచుకుని, తీరిగ్గా రాసుకుంటున్నాడు. వెనక లైన్ మెట్ల కిందిదాకా ఉంది.

"కాకా, ఆగళ చాలో" అని, ముందుకు కదలమని అందరూ అరుస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"జర ఆగుండ్రి, ఇది మల్ల దొరకది" అన్నాడు ఈయన, తెలుగులో, గుజరాతీలతో.

ఆయన ఒకే ఒక్క పెద్ద తప్పు చేశాడు. పొలాల మీద మందు కొట్టే ఒక చిన్న విమానం తుక్కు అయిపోయిందని ఎవరో ఫోన్‌లో చెబితే అలాగే ప్రింట్ చేశాడు. దాని ఓనర్ బార్డోలీ నుంచి ఉత్తరం రాశాడు, నిన్న కూడా అందులో ఎగిరాను, వచ్చి టీ తాగి వెళ్లండి అని.

నన్ను వెంటబెట్టుకుని బస్సులో వెళ్లాడు. చెరకు తోట పక్కన రేకుల షెడ్‌లో ఉంది. రెక్క మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు.

"బతికున్నదాన్ని సంపిన బిడ్డా" అన్నాడు.

ఆ రోజు నుంచి ప్రతి కార్డు కింద ఒక గీత చేరింది. చూసినవాళ్ల పేరు. కళ్లారా చూసిన మనిషి పేరు లేకుండా ఏ విమానాన్నీ పోయిందని రాయలేదు.

నిన్న చిన్నమ్మకి విషయం చెప్పాను. ఆవిడ ఏడవలేదు.

"ఎవలు సూసిండ్రు?" అంది.

కరోనా కదా, బాడీ ఇవ్వలేదు. హాస్పిటల్ నుంచి నేరుగా తీసుకెళ్లిపోయారు. శ్మశానం గేటు దాకా వెళ్లినా మమ్మల్ని లోపలికి రానివ్వలేదు.

"నువ్వు సూసినవా? మరి గట్లెట్ల అంటవ్?" అంది చిన్నమ్మ.

"ఆయన ఏమన్నా విమానమా చిన్నమ్మా?" అని అరిచేశాను. అరిచాక సిగ్గేసింది. ముప్పై ఏళ్లు ఆ రూల్‌తో కాపురం చేసిన మనిషి. ఎవరూ చూడకపోతే ఆవిడ రేపు కూడా గుమ్మంలోనే కూర్చుంటుంది.

ఫోన్లు చేస్తూ పోయాను. సాయంత్రానికి చితులు పేర్చే వాలంటీర్ ఇమ్రాన్ భాయ్ దొరికాడు. ఫోన్ చిన్నమ్మకి ఇచ్చాను, స్పీకర్‌లో.

"మాజీ, మైనే దేఖా" అన్నాడు, అమ్మా, నేను చూశాను అని. ఒక్క నిమిషం ముఖం మీద కవర్ తీశాడట. ఎడమ కనుబొమ్మ మీద పాత గాటు ఉందని, నిద్రపోతున్నట్టే ఉన్నాడని చెప్పాడు.

గాటు సంగతి మేము చెప్పలేదు. లూమ్‌లో దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఎగిరి తగిలిన దెబ్బ అది.

అప్పుడు ఏడ్చింది చిన్నమ్మ. చాలాసేపు ఏడ్చింది.

తర్వాత లేచి, చీర డబ్బా ఒకటి తనే కత్తిరించి నా ముందు పెట్టింది. నరహరి అని రాశాను. సిరిసిల్ల, సూరత్ అని రాశాను. కింద గీత మీద ఇమ్రాన్ భాయ్ పేరు రాశాను.

ప్రూఫ్‌లు ఇవాళ మొదలుపెడతాను, తిట్టకు.

పోయిరా చిన్నాయనా. అక్కడ తలుపు కాడ ఆగి నంబర్లు చదువకు, ఈసారి నీ వెనక చానామంది ఉన్నరు. కిటికీ పక్క సీటు చూసుకుని నిమ్మళంగ కూసో.