సారలమ్మ సద్ది వ్యాపారం

సెంటినరీ కాలనీ దగ్గర బొగ్గుబాయి గేటు ముందు పద్నాలుగేళ్లుగా సద్ది అమ్మే సారలమ్మకు కోపం ఎక్కువ. ఇప్పుడు ఆ కోపమంతా ఒక్క మనిషి మీదే. జైపాల్ సార్! వాడి నోట్లో మన్నుబడ, ఆ మహానుభావుడు రాకముందు ఆమె బేరం బంగారంలా నడిచేది.

ఆమె పద్ధతి ఆమెది. మొదటి షిఫ్టుకు దిగే నలభై మంది తమ స్టీలు గిన్నెలు ముందురోజే ఆమెకిచ్చి పోతారు. పొద్దున ఆరింటికల్లా వాటిలో జొన్నరొట్టెలు, వంకాయ కూర పెట్టి, క్లిప్పు బిగించి ఎవరిది వాళ్ల చేతికిస్తుంది. ఎల్లన్నకు కారం తక్కువ, రాయమల్లుకు రెండు రొట్టెలు ఎక్కువ. ఒకసారి బాయి దిగాక షిఫ్టు అయ్యేదాకా వాళ్లకు అదే తిండి. మధ్యలో పైకొచ్చి కొనుక్కునే వీలు లేదు.

జైపాల్ చిన్న వ్యాపారులకు ఎదుగుదల పాఠాలు చెబుతాడు. మహిళా సంఘం వాళ్లు పిలిస్తే వచ్చి, బోర్డు మీద బాణాలు గీసి, సారలమ్మను లేపి నిలబెట్టాడు.

"మేడమ్, మీరు ఇంకా గిన్నెలు కడుగుతున్నారా? లీడర్ గిన్నెలు కడగకూడదు. ప్లాస్టిక్ ప్యాక్ పెట్టండి, దాని మీద మీ పేరు, మీ ఫొటో వేయించండి. అదే బ్రాండ్."

అందరూ చప్పట్లు కొట్టారు. పుట్టి బుద్ధెరిగాక ఎవరూ మేడమ్ అనలేదాయె, సారలమ్మ పొంగిపోయింది.

ఆమె భర్త పోశం ముప్పై ఏళ్లు బాయిలో చేసి రిటైరైన మనిషి. ఆమె తన ఫొటోతో చేయించి తెచ్చిన ప్లాస్టిక్ ప్యాకును వేలితో నొక్కి చూశాడు.

"బాయి లోపల ఎలుకలు పిల్లులంత ఉంటయే. ఇది ఆగుతదా?"

"బొగ్గు తవ్వినోనివి, బిజినెస్ సంగతి నీకేమెర్క? నోర్మూసుకో."

అంత మాట అనేసింది. రోజూ ఆరింటికే జైపాల్ ఫోన్, ఇలా నవ్వు, అలా పలకరించు అని. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో ప్యాకులు. వారం తిరిగేసరికి నలభై మంది ఇరవై అయ్యారు. రెండో వారానికి ఏడుగురు. ఎందుకు తగ్గారని ఆమె వాళ్లను అడగలేదు, జైపాల్‌ను అడిగింది.

"పాత కస్టమర్లు పోవడం మంచిదే మేడమ్. ఆఫీసు స్టాఫును టార్గెట్ చేయండి" అన్నాడతను. ఆఫీసు వాళ్లు ఆమె రొట్టె వైపు కన్నెత్తి చూడలేదు.

నెలాఖరు క్లాసులో జైపాల్ ఆమె ఫొటోను తెర మీద వేసి విజయగాథ అంటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. లేచి నిలబడింది.

"సారూ, ఒక్క దినమన్న బాయి గేటు కాడికొచ్చి చూసినవా? ఎవలు తింటున్నరు, యాడ తింటున్నరు, అడిగినవా?"

"మేడమ్, పాజిటివ్‌గా ఆలోచించాలి."

"నీ పాజిటివ్ పాడుగాను. ముందు ఆ ఫొటో దియ్యి."

తీసేదాకా కదల్లేదు. అక్కణ్నుంచి అదే ఊపులో గేటుకు నడిచింది. మొదటి షిఫ్టు అప్పుడే వదిలారు. ముఖమంతా మసితో వస్తున్న ఎల్లన్నకు చెయ్యి అడ్డం పెట్టింది.

"చెప్పు తమ్మీ. నా సద్ది ఎందుకు మానేసినవ్?"

ఎల్లన్న అటూ ఇటూ చూశాడు. "మొదటి దినమే ప్యాకులు ఎలుకలు కొరికి తిన్నయక్కా. మా అందరియీ."

"నాకు చెప్పొద్దా మరి? నోట్ల నాలుక లేదా మీకు?"

"తెల్లారి చెప్పుదామనే వచ్చినం, నలుగురం. నువ్వు సారుతోని ఫోన్ల ఉంటివి. జర ఆగుమని చెయ్యి ఊపినవ్. శానసేపు నిలబడ్డం. షిఫ్టు టైమైంది, గవే ప్యాకులు పట్టుకొని దిగినం. అవ్వి గూడ ఎలుకల పాలే."

సారలమ్మకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. అయినా అడిగింది.

"మరి ఆ దినం మీరేం తిన్నరు తమ్మీ?"

"ఏం తినలేదక్కా."