మామ తోటలో దొరికిన చంద్రవంశపు గుండ్లు

ఆ రోజుల్లో తమిళదేశంలోని మా రాజపాళయంలో ఒక మనిషి విలువ తెలియాలంటే ఆయుధ పూజ నాడు వాళ్ళ ఇంటికి వెళ్తే చాలు. మిల్లుల్లో యంత్రాలకు చందనం పూయడం, లారీలకు నిమ్మకాయలు కట్టడం ఎటూ ఉండేవి. మా వాళ్ళ ఇళ్ళల్లో అసలు సంగతి ముందు హాల్లో జరిగేది. ఎప్పుడో వందల ఏళ్ళ కిందట తెలుగు దేశం నుంచి కత్తి పట్టుకుని దిగివచ్చిన వంశాలమని చెప్పుకునేవాళ్ళం కదా, ఆ కత్తిని ఆనాడు పెట్టెలోంచి తీసి, తుప్పు గీకి, పట్టుగుడ్డ మీద పడుకోబెట్టి, వచ్చిన వాళ్ళందరికీ చూపించాలి. కత్తి ఎంత పొడవుంటే ఇంటాయన గొంతు అంత పెద్దది. మా ఇంట్లో కత్తి లేదు. (ఉండేదని, మా ముత్తాత దాన్ని కరిగించి కొడవళ్ళు చేయించుకున్నాడని అవ్వ చెప్పేది. వంశం మొత్తంలో బుద్ధున్న మనిషి ఆయనొక్కడేనని ఇప్పుడనిపిస్తుంది.) అందుచేత మా పట్టుగుడ్డ మీద ఏటేటా కొలువుదీరేవి అమ్మ కత్తిపీట, నాయన సైకిలు పంపు.

అమ్మకు ఒక తమ్ముడు, మా మామ. సేత్తూరు పక్కన కొండ కింద తోట, లైసెన్సున్న నాటు తుపాకి, ఆ తుపాకికి తగ్గ మీసం ఆయన ఆస్తులు. హాలు గోడకు అడవి పంది కోరలు రెండు చట్రం కట్టించి పెట్టుకున్నాడు. ఎవరు వచ్చినా కాఫీ కంటే ముందు ఆ పంది కథ వచ్చేది. "మామిడి చెట్టు కింద నిలబడి ఉండాది. నేను చూసినాను. అది చూసింది. ఒక్క గుండు. నొసట్లో. సరి, అంతే!" అని తన నొసట వేలితో పొడుచుకునేవాడు. ఆయనకు ఒక కూతురు. నేను మిల్లు ఆఫీసులో గుమస్తాగా కొత్తగా చేరి, ఆ పిల్ల తప్ప మరొకరు భార్యగా వస్తే సన్యాసం పుచ్చుకోవాలని నిశ్చయించుకుని ఉన్నాను. మేనమామ కూతురే కాబట్టి అమ్మ ధైర్యంగానే అడిగింది. మామ మీసం సవరించుకున్నాడు. "అక్కా, తప్పుగా అనుకోవద్దు. తళవాయిపురం సంబంధం వచ్చి ఉండాది. వాళ్ళింట్లో రెండు కత్తులు. మీ ఇంట్లో వీరం అనేది ఏముండాది? పంపుకు పూజ చేస్తారు. నా బిడ్డను గాలి కొట్టేదానికా పంపించేది?" అన్నాడు. ఆయుధ పూజకు మా ఇంటికి వచ్చి, అది కాగానే తళవాయిపురం వాళ్ళకు మాట ఇచ్చేస్తానని కూడా చెప్పి వెళ్ళాడు.

అప్పుడే నాకు దేవుడు దారి చూపించాడు. (ఏ దేవుడో తెలియదు, కొంచెం కొంటె దేవుడే అయి ఉండాలి.) ఒక ఆదివారం మరదలు తోటకు వస్తుందేమోనని సేత్తూరు బస్సెక్కి వెళ్ళి, మామ తోటలో గట్టు మీద కూర్చుని, ఏమీ తోచక పుల్లతో మట్టి గెలుకుతున్నాను. ఒక సీసపు గుండు బయటపడింది. గోళీ కంటే కాస్త చిన్నది. ఇంకా గెలికితే ఇంకొకటి. వానకు జారిన ఆ మామిడి గట్టు నిండా గుండ్లే, కొన్ని నలిగి, కొన్ని గుండ్రంగా. పాళెగాళ్ళు తెల్లవాళ్ళతో ఈ కొండల కిందే కొట్టుకున్నారని బళ్ళో చదివినదంతా ఒక్కసారిగా తలకెక్కింది. గుండ్లను కడిగి చూస్తే నలగని ప్రతిదాని మీదా ఒకే గాటు, సన్నని నెలవంక ఆకారంలో. నెలవంక! మనం చంద్రవంశం! నాకు ఒళ్ళు పులకరించింది. మరదలు రాలేదన్న బాధ కూడా మరిచిపోయాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారం, మామ కంట పడకుండా, నాది తవ్వకమే. గుండ్లతో పాటు ఒక గుర్రపు నాడా (తర్వాత తెలిసింది, ఎద్దుది), ఒక బల్లెం మొన (గడ్డపార ముక్క), ఒక సైనికుడి నడికట్టు బిళ్ళ (దాని గురించి అడక్కండి) సంపాదించాను. మిఠాయి అంగడి శెట్టిగారు పారేయబోతున్న పాత అద్దాల పెట్టెను బతిమాలి తెచ్చుకుని, అందులో ఎర్ర వెల్వెట్ పరిచి గుండ్లను వరసగా పేర్చాను. ఎంత తుడిచినా మైసూర్‌పాకు వాసన పోలేదు. గుండ్ల చుట్టూ చీమలు బారులు తీరి తిరిగేవి. వాటిని చూసి చిన్నాయన, "సైన్యం ఇంకా దిగలేదే అనుకుంటి, వచ్చేసింది రా!" అన్నాడు. చిన్నాయనకు దేని మీదా గౌరవం ఉండేది కాదు.

ఆయుధ పూజ నాడు సైకిలు పంపు మూలకు పోయింది. గుండ్లకు చందనం, కుంకుమ, చేమంతిపూలు. వీధిలో పెద్దలంతా వచ్చారు. మామ, అత్త, మరదలు వచ్చారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను: శత్రువు గట్టు వెనక దాక్కున్నాడు, మన పూర్వీకులు ఎదురుగా నిలబడి కాల్చారు, ఇదిగో నెలవంక, మన సేనాపతి ముద్ర. మామ ఒక గుండు చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. మళ్ళీ చూశాడు. మీసం రెండు కొసలూ కిందికి వాలాయి. పక్కనుంచి వంగి చూసిన మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. నాకేమీ అర్థం కాలేదు. అంత పౌరుషం చూసి పిల్ల చలించిపోయింది కాబోలనుకుని ఇంకా గట్టిగా చెప్పసాగాను.

"ఇన్ని గుండ్లు గట్టులోనే ఉండాయంటే వానికి ఒక్కటీ తగల్లేదు గదరా?" అన్నాడు చిన్నాయన. "కాల్చినోడు ఎవడో గాని, వాని గురికి ఒక దండం."

"శత్రువు మాయగాడు," అన్నాను.

"అప్పురం? తర్వాత చెప్పు, ఆ గట్టు ఎక్కడ ఉండాది?"

"మామ తోటలో. మామిడి చెట్టు వెనకాల."

"ఆ పంది పడిన చెట్టా?"

అందరి తలలూ మామ వైపు తిరిగాయి. మామ నొసట చెమట. నా పెళ్ళి ఎటో కొట్టుకుపోతున్నదని మాత్రం తెలుస్తోంది, ఎందుకో తెలియడం లేదు. అప్పుడు మరదలు కొంగు తీసి, తనూ ఒక గుండు చేతిలోకి తీసుకుని, ఎంతో అమాయకంగా, "అప్పా, ఈ నెలవంక..." అంది.

"యుద్ధం గుండే!" అని మామ అరిచిన అరుపుకు చీమలు కూడా ఆగిపోయాయి. "సందేహమే లేదు. మా తాత చెప్పినాడు, ఆ గట్టు కాడ పెద్ద యుద్ధం జరిగిందని. ఆమా, అవును, మన వాళ్ళ గుండే!"

"మరి తళవాయిపురం..." అని మరదలు నేల చూస్తూ మెల్లగా అడిగింది, గుండును మాత్రం వేళ్ళ మధ్య తిప్పుతూనే.

మామ ఆ వేళ్ళ వైపు కాసేపు చూశాడు. తర్వాత పెద్ద నిట్టూర్పు విడిచి, "అక్కా, ఇంత వీరం ఉండే ఇల్లు పెట్టుకుని బయట ఎందుకు చూసేది? తాంబూలం తీసుకురా," అన్నాడు. ఆ రాత్రి నేను ఒక గుండును దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. చంద్రవంశం నన్ను గెలిపించిందని మనసారా నమ్మాను.

పెళ్ళయ్యాక మొదటి దీపావళికి సేత్తూరు వెళ్ళినప్పుడు నా భార్య అటక మీది నుంచి ఒక ఇనుప అచ్చు దించి నా ఒళ్ళో పెట్టింది. మామ తుపాకికి సీసం కరిగించి గుండ్లు పోసుకునే అచ్చు. లోపల ఒక పక్క చిన్న దెబ్బ, నెలవంకలాగా. "చిన్నప్పుడు నేనే కింద వేసినాను," అంది. "మరి పంది?" అన్నాను. "అన్ని రాత్రులు అప్ప కాలుస్తానే ఉండె, అది చెనక్కాయలు తింటానే ఉండె. కడాకు బాయిలో పడి చచ్చింది." నేను అచ్చు వైపు, ఆమె వైపు, గోడ మీది కోరల వైపు చూశాను. అటు వైపు వసారాలో మామ ఎవరికో చెబుతున్నాడు: "ఒక్క గుండు. నొసట్లో."

మామ బతికున్నన్నాళ్ళూ ఆ సంగతి నేను గాని ఆయన గాని ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఆయన నన్ను మాపిళ్ళ అంటూ, అంటే అల్లుడుగారూ అంటూ, మహా గౌరవంగా చూసేవాడు, నేను ఆయన పంది కథకు అందరికంటే ముందు తల ఊపేవాణ్ణి. ఆయన పోయాక అచ్చు కూడా మా ఇంటికే వచ్చింది. ఏ ముత్తాత కత్తి కంటే కూడా అదే నాకు ప్రియం. ఇప్పుడు ఆయుధ పూజకు చందనం పెడుతుంటే చేయి వణికి సగం వెల్వెట్ మీద పడుతుంది. మొన్న మనవరాలు గుండ్లన్నీ చూసి, "తాతా, ఈ యుద్ధంలో ఎందరు చచ్చినారు?" అని అడిగింది. నేను సేనాపతి గొంతు సవరించుకునే లోపలే వంటింట్లోంచి మా ఆవిడ జవాబు వచ్చింది:

"ఎవరూ చావలేదు కన్నా. ఒక మాపిళ్ళ మాత్రం దొరికినాడు."